కుర్రవాళ్ల మధ్య పెద్దవాళ్లు: హార్డ్ బాప్ రికార్డుల్లో రెండు తరాలు

పెద్దలకూ మిత్రులకూ నమస్కారం. జాజ్ గురించి మాట్లాడమని పిలిచినప్పుడు, అది ఒక్క సాయంత్రంలో తెమిలే విషయం కాదని చెప్పి, అందులోంచి హార్డ్ బాప్ అనే ఒక పాయను మాత్రం ఎంచుకున్నాను. ఆ పాయలోనూ నన్ను చాలాకాలంగా పట్టి ఉంచిన సంగతి ఒకటే. చెయ్యి తిరిగిన విద్వాంసులూ, అప్పుడప్పుడే నలుగురికీ తెలుస్తున్న కుర్రవాళ్లూ ఒకే గదిలో కూర్చుని రికార్డు చేసినప్పుడు, ఎవరు ఎవరికి ఏమిస్తున్నారు?

ఒక రాత్రితో మొదలుపెడతాను. 1954 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లోని బర్డ్‌ల్యాండ్ క్లబ్బులో బ్లూ నోట్ కంపెనీ వాళ్లు మైకులు పెట్టి, ఆ రాత్రి కచేరీని రికార్డు చేశారు. బ్యాండు నాయకుడు డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ. ట్రంపెట్ మీద క్లిఫర్డ్ బ్రౌన్, ఆల్టో సాక్సోఫోన్ మీద లూ డోనాల్డ్‌సన్, పియానో మీద హోరెస్ సిల్వర్, బేస్ మీద కర్లీ రసెల్ ఉన్నారు. పాటకూ పాటకూ మధ్య బ్లేకీ మైకు అందుకుని, తాను ఎప్పుడూ కుర్రవాళ్లతోనే ఉంటాననీ, వీళ్లు పెద్దవాళ్లైపోతే ఇంకా చిన్నవాళ్లను తెచ్చుకుంటాననీ, అలా చేస్తే బుర్ర చురుగ్గా ఉంటుందనీ అంటాడు. ఆ మాటలు రికార్డులోనే ఉన్నాయి, ఇప్పటికీ వినవచ్చు. ఇంత పెద్దరికంతో మాట్లాడిన ఆ మనిషికి అప్పటికి నిండా 35 ఏళ్లు లేవు. సిల్వర్ వయసు 25, బ్రౌన్ వయసు 23.

సరదాకి అన్నట్టున్న ఆ మాటను బ్లేకీ 36 ఏళ్లపాటు నిలబెట్టుకున్నాడు. ఆయన జాజ్ మెసెంజర్స్ బ్యాండులోకి లీ మోర్గన్, వేన్ షార్టర్, ఫ్రెడ్డీ హబ్బర్డ్, సీడర్ వాల్టన్, బాబీ వాట్సన్, వింటన్ మార్సాలిస్, టెరెన్స్ బ్లాంచార్డ్ లాంటివాళ్లు కుర్రతనంలోనే వచ్చి, కొన్నేళ్లకు సొంత బ్యాండులు కట్టుకుని వెళ్లిపోయారు. 1990 ఏప్రిల్‌లో ఆయన చివరిసారి స్టూడియోలో రికార్డు చేసిన ఆల్బమ్ పేరు ‘వన్ ఫర్ ఆల్’. అప్పుడు డ్రమ్స్ ముందు కూర్చున్న ఆయనకు 70 ఏళ్లు. పియానో ముందు కూర్చున్న జెఫ్ కీజర్‌కు 19 ఏళ్లు.

గురుశిష్య పరంపర మనకు పుట్టుకతో వచ్చిన ఆలోచన కాబట్టి, ఈ వరసంతా వినగానే పెద్దాయన నేర్పాడు, పిల్లలు నేర్చుకున్నారు అనుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. రికార్డుల అట్టల వెనక ఏ పాట ఎవరు కట్టారో చూసుకుంటూ పోతే లెక్క తలకిందులైంది. మెసెంజర్స్ బ్యాండుకు పేరు తెచ్చిన బాణీల్లో చాలా భాగం బ్లేకీవి కావు. వాటిని కట్టినవాళ్లు ఆ కుర్రవాళ్లే. పెద్దాయన వాళ్లకు ఇచ్చింది పాట కాదు, ఆ పాట కింద వేసిన గట్టి నేల. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగిలినదంతా దీనికి సాక్ష్యం.

హార్డ్ బాప్ అంటే ఏమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు. 1940లలో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ నడిపిన బీబాప్ చాలా వేగమైన, మెలికలు తిరిగిన సంగీతం. దాన్ని విని ఆశ్చర్యపడవచ్చు గానీ, దానికి కాలు కదపడం కష్టం. 1950ల మధ్యకు వచ్చేసరికి న్యూయార్క్‌లోనూ, డెట్రాయిట్, ఫిలడెల్ఫియా లాంటి పారిశ్రామిక నగరాల్లోనూ పెరిగిన నల్లజాతి కళాకారులు ఆ బీబాప్ పాండిత్యాన్ని వదలకుండానే, చిన్నప్పటి నుంచి చర్చిలో విన్న గాస్పెల్ పాటనూ, వీధిలో విన్న బ్లూస్‌నూ అందులోకి తిరిగి తెచ్చారు. బాణీ సూటిగా ఉంటుంది, ఒకసారి వింటే నోటికి వస్తుంది. దరువు బరువుగా ఉంటుంది. ట్రంపెట్, టెనర్ సాక్సోఫోన్ కలిసి పల్లవిని వాయించి, తర్వాత ఒక్కొక్కరూ మనోధర్మం చూపించి, మళ్లీ పల్లవికి వచ్చి ముగిస్తారు. సాక్సోఫోన్ అనగానే కద్రి గోపాలనాథ్ గారి గమకాలు గుర్తుకొచ్చే మన చెవికి ఈ సాక్సోఫోన్ మొదట మొరటుగా తోచవచ్చు. రెండు మూడు సార్లు విన్నాక ఆ మొరటుదనమే రుచి అవుతుంది.

ఈ సంగీతం ఎక్కడ రికార్డయిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ గది లేకపోతే ఈ శబ్దం ఇలా ఉండేది కాదు. న్యూజెర్సీ రాష్ట్రంలో హాకెన్‌సాక్ అనే ఊళ్లో రూడీ వాన్ గెల్డర్ అనే మనిషి పగలు ఆప్టోమెట్రిస్టు, అంటే కళ్లు పరీక్షించి అద్దాలు రాసిచ్చేవాడు. మిగతా వేళల్లో తల్లిదండ్రుల ఇంటి ముందు గదిలో మైకులు పెట్టి జాజ్ రికార్డు చేసేవాడు. బ్లూ నోట్ యజమాని ఆల్ఫ్రెడ్ లయన్ జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. ఆయన ఒక మంచి అలవాటు పెట్టుకున్నాడు. రికార్డింగుకు ముందు సాధన చేసుకునే రోజులకు కూడా కళాకారులకు డబ్బు ఇచ్చేవాడు. చిన్న కంపెనీలు సాధారణంగా ఆ ఖర్చు పెట్టవు. కొత్తగా కట్టిన పాటను బ్యాండంతా నేర్చుకోవడానికి సమయం దొరికిందంటే, ఇరవై రెండేళ్ల కుర్రవాడి పాట కూడా రికార్డులోకి ఎక్కడానికి దారి దొరికిందన్నమాట.

ఇప్పుడు అలాంటి ఒక పాట దగ్గరికి వెళ్దాం. 1958లో బ్లేకీ పరిస్థితి అంత గొప్పగా లేదు. రెండేళ్ల క్రితమే సిల్వర్ వేరుపడ్డాడు. బ్లేకీతో పనిచేసిన ట్రంపెటర్, సాక్సోఫోనిస్టు, బేసిస్టు ఆ తర్వాత సిల్వర్ బ్యాండులో తేలారు. ‘మెసెంజర్స్’ అనే పేరు మాత్రం బ్లేకీ దగ్గర మిగిలింది. ఆ సమయంలో బెనీ గోల్సన్ అనే 29 ఏళ్ల టెనర్ సాక్సోఫోనిస్టు వచ్చి, ఈ బ్యాండును మొదటి నుంచీ మళ్లీ కట్టాలని నాయకుడికే సలహా ఇచ్చాడు. తన ఊరు ఫిలడెల్ఫియా నుంచే మనుషులను సూచించాడు. ట్రంపెట్‌కు 20 ఏళ్ల లీ మోర్గన్, పియానోకు 22 ఏళ్ల బాబీ టిమన్స్, బేస్‌కు జిమీ మెరిట్ అలా వచ్చారు. చిన్నవాడు చెప్పగా పెద్దవాడు వినడం మన సంగీత సభల్లో అంత తరచుగా చూసే దృశ్యం కాదు. బ్లేకీ విన్నాడు.

టిమన్స్‌కు ఒక అలవాటు ఉండేది. పాటల మధ్య ఖాళీలో ఒక ఎనిమిది బార్ల (బారు అంటే మన ఆవర్తనం లాంటిది) ముక్కను ఊరికే వాయిస్తూ ఉండేవాడు. అతనికి అదొక చేతి తీట లాంటిది, దాన్ని పాటగా ఎంచలేదు. గోల్సన్ దాన్ని పట్టుకుని, దీనికి మధ్య చరణం ఒకటి కట్టు, పాట అవుతుందన్నాడు. అదే ‘మోనిన్’. 1958 అక్టోబరు 30న హాకెన్‌సాక్ గదిలో దాన్ని రికార్డు చేశారు. తారీఖు చెప్పాను కాబట్టి ఒక మాట. అక్టోబరు 30 క్లిఫర్డ్ బ్రౌన్ పుట్టినరోజు. బర్డ్‌ల్యాండ్‌లో బ్లేకీ ముచ్చటపడి పరిచయం చేసిన ఆ ట్రంపెటర్ 1956 జూన్‌లో, 25 ఏళ్ల వయసులో కారు ప్రమాదంలో పోయాడు. ఆయనను తలచుకుని గోల్సన్ కట్టిన ‘ఐ రిమెంబర్ క్లిఫర్డ్’ అనే పాటను ఇప్పటికీ ట్రంపెట్ నేర్చుకునే ప్రతివాడూ వాయిస్తాడు.

[‘మోనిన్’ మొదటి నిమిషం వినిపించారు.]

విన్నారు కదా. మొదట పియానో ఒక్కటే ఒక మాట అంటుంది. వెంటనే మిగిలినవాళ్లందరూ కలిసి రెండు దెబ్బలు వేస్తారు. చర్చిలో పాస్టర్ ఒక వాక్యం చెప్పగానే జనం ‘ఆమెన్’ అన్నట్టుంటుంది ఆ రెండు దెబ్బల తీరు. ఇది మనకు కొత్తేమీ కాదు. బుర్రకథలో కథకుడు ఒక చరణం ఎత్తుకోగానే పక్కనున్న వంతలు ‘తందానా’ అందుకోవడం విన్నవాళ్లకు ఈ పాట ఎత్తుగడ వెంటనే పట్టుబడుతుంది. రెండోసారి వచ్చేటప్పటికి పాత్రలు మారతాయి. ఈసారి మాట అనేది ట్రంపెట్, సాక్సోఫోన్. వంత పాడేది పియానో, బేస్, డ్రమ్స్. ఆ తర్వాత మధ్య చరణంలోకి అడుగుపెట్టగానే బేస్ నడక మొదలై, అప్పటిదాకా ఆగి ఆగి నడిచిన పాట ఒక్కసారిగా సాఫీగా కదులుతుంది.

ఇక్కడ బ్లేకీ ఏం చేస్తున్నాడో గమనించండి. ఎడమ కాలితో హై హ్యాట్ రేకులను ప్రతి బారులోనూ రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ గట్టిగా మూస్తున్నాడు. ఎంత గట్టిగానంటే, ట్రంపెట్ ఎంత పైకి పోయినా ఆ ‘చిక్’ శబ్దం కిందనుంచి వినబడుతూనే ఉంటుంది. మోర్గన్ తన వంతు ముగిస్తూ చివర ఒక చిన్న పదం వదులుతాడు. గోల్సన్ ఆ పదాన్నే ఎత్తుకుని తన మనోధర్మం మొదలుపెడతాడు. ఇలాంటివి కాగితం మీద రాసి చేయించగలిగేవి కావు. వెనక లయ కుదురుగా ఉందన్న భరోసా ఉన్నప్పుడే, పక్కవాడు ఏమన్నాడో వినే తీరిక మనిషికి దొరుకుతుంది. తొమ్మిదిన్నర నిమిషాల ఆ పాటలో బ్లేకీ తన గొప్పతనం చూపించుకునే తనియావర్తనం లాంటిది ఏదీ లేదు. ఆల్బమ్‌కు మొదట పెట్టిన పేరులో ఆయన పేరే ఉంది గానీ, జనం నోట అది టిమన్స్ పాట పేరుతోనే నిలిచిపోయింది.

హోరెస్ సిల్వర్ దారి కొంత వేరు. ఆయన తన పాటలు తానే కట్టుకునేవాడు. ‘ది ప్రీచర్’ అనే పాట పాతకాలపు వాసన కొడుతోందని లయన్ వద్దన్నా పట్టుబట్టి రికార్డు చేయించాడు, అదే బాగా అమ్ముడైంది. వేరుపడ్డాక 1956 నవంబరు 10న చేసిన ‘సిక్స్ పీసెస్ ఆఫ్ సిల్వర్’ రికార్డు కోసం డెట్రాయిట్ నుంచి లూయిస్ హేస్ అనే 19 ఏళ్ల డ్రమ్మర్‌ను తెచ్చుకున్నాడు. అందులో ‘సెన్యోర్ బ్లూస్’ అనే పాట ఉంది. ఆరు మాత్రల లెక్కతో, మన తిశ్రగతికి దగ్గరగా, ఊగుతూ నడిచే బ్లూస్ అది. ఆ లెక్క తప్పకుండా, అయినా బిగుసుకుపోకుండా నడపడం 19 ఏళ్ల చేతికి చిన్న పరీక్ష కాదు. హేస్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

1960ల చివర్లో రాక్ సంగీతం వచ్చి క్లబ్బుల జనాన్ని పట్టుకుపోయింది. జాజ్‌లోనూ ఎలక్ట్రిక్ వాద్యాల హోరు పెరిగింది. లీ మోర్గన్ కట్టిన ‘ది సైడ్‌వైండర్’ 1964లో అమ్మకాల్లో కంపెనీనే ఆశ్చర్యపరిచింది. 1972 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని స్లగ్స్ అనే క్లబ్బులో, కచేరీ విరామంలో తుపాకీ దెబ్బకు ఆయన పోయాడు, వయసు 33. ఆ రాత్రి ఆయన బ్యాండులో పియానో వాయిస్తున్నది మెంఫిస్ నుంచి వచ్చిన హెరాల్డ్ మేబర్న్. ఈ పేరు కూడా గుర్తుంచుకోండి.

చాలామంది విద్వాంసులు యూరప్ వెళ్లిపోయారు. వాళ్లలో ఒకడైన టెనర్ సాక్సోఫోనిస్టు డెక్స్‌టర్ గోర్డన్ పద్నాలుగేళ్ల ప్రవాసం తర్వాత 1976 డిసెంబరులో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించాడు. ‘హోమ్‌కమింగ్’ పేరుతో వచ్చిన ఆ రికార్డులో ఆయన వెనక ఉన్నది అప్పటికి 32 ఏళ్లు నిండబోతున్న ట్రంపెటర్ వూడీ షా బ్యాండు. అక్కడ డ్రమ్స్ మీద ఎవరున్నారనుకుంటున్నారు? మన లూయిస్ హేస్. ఈ సంగీతం పని అయిపోయిందని పత్రికలు రాస్తున్న రోజుల్లో, ఎలక్ట్రిక్ వాద్యం ఒక్కటీ లేకుండా చేసిన ఆ రికార్డు మళ్లీ జనాన్ని కూడగట్టింది. నాలుగేళ్లకు న్యూ ఆర్లియన్స్ నుంచి వింటన్ మార్సాలిస్ 18 ఏళ్ల వయసులో బ్లేకీ బ్యాండులో చేరాక జరిగిన కథ చాలామందికి తెలిసినదే, దాన్ని వదిలేస్తాను. ఆ తర్వాత పెద్ద కంపెనీల ఉత్సాహం చల్లబడినప్పుడు ఈ దీపానికి చమురు పోసినవి చిన్న లేబుళ్లే. నెదర్లాండ్స్‌లో గెరీ టీకెన్స్ 1981లో మొదలుపెట్టిన క్రిస్ క్రాస్ వాటిలో ముఖ్యమైనది.

మేబర్న్ సంగతికి వస్తాను, ఎందుకంటే నా వాదనకు ఆయనే గట్టి ఉదాహరణ. ఆయన చాలా ఏళ్లు న్యూజెర్సీలోని విలియం ప్యాటర్సన్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాడు. అక్కడి విద్యార్థి ఎరిక్ అలెగ్జాండర్ 1992లో తన మొదటి రికార్డు ‘స్ట్రెయిట్ అప్’ చేసినప్పుడు మాస్టారు స్వయంగా వెళ్లి పియానో ముందు కూర్చున్నాడు. శిష్యుడి పేరు అట్ట మీద, గురువు పేరు వెనక చిన్న అక్షరాల్లో. పాతికేళ్లు నిండని టెనర్ సాక్సోఫోనిస్టు వెనక మేబర్న్ వేసే స్వరాల గుంపులు దట్టంగా, రెండు చేతుల నిండుగా ఉంటాయి. అయినా కుర్రవాడు ఊపిరి పీల్చుకునే చోట ఆయన ఆగుతాడు. ఆ ఆగడం కోసమే నేను ఈ రికార్డును మళ్లీ మళ్లీ వింటాను.

2014లో న్యూయార్క్‌లోని స్మోక్ అనే చిన్న క్లబ్బు సొంతంగా రికార్డు లేబుల్ పెట్టినప్పుడు మొదట విడుదల చేసింది మేబర్న్ త్రయం వాయించిన ‘రైట్ ఆన్ టైమ్’. బేస్ మీద జాన్ వెబర్, డ్రమ్స్ మీద జో ఫార్న్స్‌వర్త్. ఫార్న్స్‌వర్త్ కూడా మాస్టారి తరగతిలో కూర్చున్నవాడే. మేబర్న్ 2019 సెప్టెంబరులో కన్నుమూశాడు. మరుసటి ఏడాది ఫార్న్స్‌వర్త్ నాయకుడిగా ‘టైమ్ టు స్వింగ్’ అనే రికార్డు అదే లేబుల్ మీద వచ్చింది. అందులో పియానో ఏడు పదులు దాటిన కెనీ బారన్‌ది, ట్రంపెట్ ఒకప్పుడు బ్లేకీ పిల్లవాడైన మార్సాలిస్‌ది. పిలిచినవాడు శిష్యుల వరసలోనివాడు, పిలిస్తే వచ్చినవాళ్లు పెద్దలు.

అన్ని రికార్డులూ ఇంత బాగా కుదరవు, ఆ మాటా చెప్పాలి. ఈ పాతికేళ్లలో పెద్దవాళ్లనూ కుర్రవాళ్లనూ కలిపి చేసిన రికార్డుల్లో చాలా వాటికి నివాళి జబ్బు పట్టింది. పాత పాటలు, పాత క్రమం, పాత అట్టల రంగులు. వాయించేవాళ్లు బంగారంలాంటి పనిమంతులే, అయినా విన్నాక తద్దినం భోజనం చేసిన బరువు మిగులుతుంది. కుర్రవాడు తన పాట తేకుండా పెద్దాయన పాటను భక్తితో వాయించి వెళ్లిపోతే, బ్లేకీ లెక్క ప్రకారం అక్కడ ఎవరి బుర్రా చురుక్కుమనదు. పియానిస్టు ఎమెట్ కోహెన్ జిమీ కాబ్, రాన్ కార్టర్, జార్జ్ కోల్మన్ లాంటి పెద్దలతో వరసగా చేసిన రికార్డులు నన్ను ఈ విషయంలో కొంత కుదుటపరిచాయి. ఆయన పెద్దలను పూజాపీఠం మీద కూర్చోబెట్టడు, కవ్విస్తాడు. ఆల్టో సాక్సోఫోనిస్టు సారా హనాహన్ 2024లో తెచ్చిన ‘అమంగ్ జయంట్స్’ కూడా అలాంటిదే. జెఫ్ ‘టెయిన్’ వాట్స్ లాంటి డ్రమ్మర్ వెనక కూర్చుని తోస్తుంటే, ఆ అమ్మాయి బెదిరి పక్కకు తప్పుకోకుండా ఇంకా బిగ్గరగా జవాబిస్తుంది.

చివరగా లూయిస్ హేస్. 2017లో, తనకు 80 ఏళ్లు నిండిన సంవత్సరంలో, సిల్వర్‌ను తలచుకుంటూ ఆయన బ్లూ నోట్ మీదే ‘సెరెనేడ్ ఫర్ హోరెస్’ అనే రికార్డు తెచ్చాడు. ట్రంపెట్ మీద జోష్ ఎవాన్స్, టెనర్ మీద ఏబ్రహం బర్టన్, బేస్ మీద డెజ్రన్ డగ్లస్, అందరూ ఆయన కంటే తరం, రెండు తరాలు చిన్నవాళ్లు. నివాళి రికార్డులను ఇందాకే తిట్టాను కాబట్టి, దీన్ని ఎందుకు మినహాయిస్తున్నానో మీరు అడగవచ్చు. నిజానికి పూర్తిగా మినహాయించను. ‘సాంగ్ ఫర్ మై ఫాదర్’లో గ్రెగరీ పోర్టర్ గానం ఎంత కమ్మగా ఉన్నా, ఆ పాట పాత రికార్డులో ఉన్న పదును ఇందులో లేదు. అయితే అందులో ‘సెన్యోర్ బ్లూస్’ మళ్లీ ఉంది. 1956లో ఆ పాట వాయించిన అయిదుగురిలో అందరికంటే చిన్నవాడు హేస్. 2017 రికార్డులో అందరికంటే పెద్దవాడు ఆయనే.

ఆ రెండింటినీ ఇప్పుడు వెంటవెంటనే వినిపిస్తాను, ముందు 1956ది. ట్రంపెట్‌నూ సాక్సోఫోన్‌నూ కాసేపు పక్కన పెట్టి, డ్రమ్స్‌లోని సింబల్ రేకు మీద పడే కర్ర శబ్దాన్ని మాత్రమే పట్టుకోండి. మొదటి దాంట్లో ఆరు మాత్రలూ ఒకదాని వెంట ఒకటి వరసగా లెక్కపెట్టుకోవచ్చు. రెండో దాంట్లో ఆయన కొన్నిటిని వెయ్యకుండా వదిలేస్తాడు, వాటిని కుర్రవాళ్లు నింపుతారు.

[రెండు రికార్డింగులూ వినిపించారు.]